ఏడుగురు వస్తేనే ఆట: ఇంగ్లండ్ ఆదివారం ఫుట్‌బాల్ క్లబ్బులు ఎలా పుట్టాయి, ఎందుకు మూతపడుతున్నాయి

క్లుప్తంగా: ఇంగ్లండ్‌లో ఆదివారం పొద్దున ఆడే అమెచ్యూర్ (డబ్బు తీసుకోకుండా ఆడే) ఫుట్‌బాల్‌కు 1960 దాకా అధికారిక గుర్తింపు లేదు. గుర్తింపు వచ్చాక ఊరూరా పాకిన ఈ ఆట ఇప్పుడు మళ్లీ పలచబడుతోంది. ఇలాంటి క్లబ్ నిలబడాలంటే నాలుగు కుదరాలి: ఆటగాళ్లకు సెలవు, చేతికందే ధరలో గ్రౌండ్, ఆట అయ్యాక కూర్చునే చోటు, జీతం లేకుండా బరువంతా మోసే ఒక సెక్రటరీ. ఈ నాలుగూ ఎలా కుదిరాయి, ఎలా జారిపోతున్నాయి అన్నదే ఈ వ్యాసం.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. తూర్పు లండన్‌లోని హాక్నీ మార్షెస్ మైదానంలో గడ్డి ఇంకా తడి ఆరలేదు. ఒకాయన కారు డిక్కీలోంచి గోల్ నెట్లు, కార్నర్ జెండాలు, జెర్సీల సంచి దించుతాడు. నెట్ కడుతున్నా చూపు మాత్రం కార్ పార్కింగ్ మీదే ఉంటుంది. వచ్చినవాళ్లను లెక్కపెట్టుకుంటాడు. నలుగురు, ఐదుగురు, ఆరుగురు. ఫుట్‌బాల్ నియమాల ప్రకారం ఒక జట్టులో కనీసం ఏడుగురు లేకపోతే ఆట మొదలుపెట్టకూడదు. పదకొండు మంది వస్తే ఊపిరి పీల్చుకోవచ్చు, పద్నాలుగు మంది వస్తే పండగే. ఏడుగురు కూడా రాకపోతే మ్యాచ్ పోయినట్టే. లీగ్ జరిమానా వేస్తే అదీ కట్టుకోవాలి.

టీవీలో కనిపించే ప్రీమియర్ లీగ్‌కూ ఈ దృశ్యానికీ ఎక్కడా సంబంధం లేనట్టు ఉంటుంది. కానీ ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ అంటే ఎక్కువమందికి అనుభవంలో ఉన్నది ఇదే. స్టేడియంలో సీటు కొనుక్కుని చూసిన ఆట కన్నా, బురదలో తామే ఆడిన ఆటే వాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది. ఇలాంటి క్లబ్బుల చరిత్ర అర్థం కావాలంటే ముందు ఒక చిన్న ప్రశ్న వేసుకోవాలి. అసలు ఆదివారమే ఎందుకు?

శనివారం అందరిదీ కాదు

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్‌కు శనివారం మధ్యాహ్నం కుదరడానికి మూలం ఫ్యాక్టరీ చట్టాల్లో ఉంది. బట్టల మిల్లుల్లో ఆడవాళ్లు, పిల్లలు శనివారం మధ్యాహ్నం రెండు గంటలకల్లా పని ఆపాలని 1850 నాటి చట్టం చెప్పింది. వాళ్లు లేకపోతే మిల్లు నడవదు కాబట్టి మగవాళ్లకూ ఆ సెలవు క్రమంగా దక్కింది. చేతిలో సగం రోజు మిగిలింది, ఆ సగం రోజులో ఆట పెరిగింది. 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఎఫ్‌ఏ, ఏర్పడినప్పుడు అది పెద్ద స్కూళ్లలో చదువుకున్న దొరబాబుల వ్యవహారం. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1883 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో కార్మికులతో నిండిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు ఈటన్ స్కూల్ పూర్వ విద్యార్థుల జట్టు ఓల్డ్ ఈటోనియన్స్‌ను 2–1తో ఓడించింది. ఆ గెలుపు వెనక శనివారం సగం రోజు సెలవు పాత్ర చిన్నది కాదు.

అయితే ఆ సెలవు అందరికీ లేదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు శనివారమే అసలు బేరం. వాళ్లకు వారం మధ్యలో ఒక పూట సెలవు దొరికేది. షెఫీల్డ్ వెన్స్‌డే అనే క్లబ్ పేరు అక్కడి నుంచే వచ్చింది. బుధవారం ఆడుకునే క్రికెట్ క్లబ్ 1867లో ఫుట్‌బాల్ కూడా మొదలుపెట్టింది, వారం పేరే క్లబ్ పేరుగా నిలిచిపోయింది. ఎవరికి ఎప్పుడు ఖాళీ దొరికితే ఆట అప్పటికి చేరింది. తూర్పు లండన్ యూదు కుటుంబాల కుర్రాళ్లకైతే శనివారం మతపరమైన విశ్రాంతి దినం, ఆ రోజు ఆట కుదరదు. వీళ్లందరికీ మిగిలింది ఆదివారం. కానీ ఆదివారం గేటుకు తాళం ఉంది.

ఆదివారం మీద తాళం

క్రైస్తవ సంప్రదాయంలో ఆదివారం ప్రార్థనకు, విశ్రాంతికి. ఇంగ్లండ్‌లో దాన్ని చట్టం కూడా కాపాడింది. 1625 నాటి ఒక చట్టం ఆదివారం నాడు సొంత పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) దాటి వెళ్లి ఆటలాడటాన్ని నిషేధించింది. 1780 నాటి ఇంకో చట్టం ఆదివారం వినోద కార్యక్రమాలకు టికెట్ పెట్టి డబ్బు తీసుకోవడాన్ని తప్పుపట్టింది. చాలా ఊళ్లలో ఆదివారం వస్తే పార్కులో పిల్లల ఉయ్యాలలకు కూడా గొలుసులు వేసేవారు.

ఎఫ్‌ఏ కూడా ఇదే దారిలో నడిచింది. తన పరిధిలోని క్లబ్బులు, ఆటగాళ్లు, రిఫరీలు ఆదివారం ఆటకు దూరంగా ఉండాలని నియమం పెట్టుకుంది. ఇక్కడ నిషేధం ఎలా పనిచేసిందో గమనించాలి. పార్కులో బంతి తన్నినవాణ్ని ఎఫ్‌ఏ పట్టుకుని జైల్లో వేయలేదు. దాని చేతిలో ఉన్నవి గుర్తింపు, రిఫరీ, గ్రౌండ్. ఆ మూడూ ఇవ్వకపోతే చాలు, ఆట దానంతటదే అంచుకు జారిపోతుంది. మహిళల ఫుట్‌బాల్‌ను అణచిందీ ఈ పద్ధతిలోనే. 1920 బాక్సింగ్ డే (డిసెంబరు 26) నాడు లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్ స్టేడియంలో డిక్, కెర్ లేడీస్ అనే మహిళల జట్టు ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, తన సభ్య క్లబ్బుల గ్రౌండ్లలో మహిళల మ్యాచ్‌లు జరగకూడదని ఎఫ్‌ఏ తీర్మానించింది. ఆ నిర్ణయం దాదాపు యాభై ఏళ్లు అమల్లో ఉంది. గ్రౌండ్ ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ఆదివారం ఆటగాళ్ల అదృష్టం ఏమిటంటే, వాళ్లకు కావాల్సిన గ్రౌండ్ ఎఫ్‌ఏది కాదు, నగర పాలక సంస్థది. లండన్ కౌంటీ కౌన్సిల్ 1922లో తన పార్కుల్లో ఆదివారం ఆటలకు అనుమతి ఇచ్చింది. దాంతో ఎఫ్‌ఏ గుర్తింపు లేకపోయినా ఆదివారం జట్లు, వాటికంటూ లీగ్‌లు పుట్టుకొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాటి సంఖ్య ఇంకా పెరిగింది. ఇంతమంది ఆడుతున్నప్పుడు వద్దనడం కన్నా తన గొడుగు కిందికి తెచ్చుకోవడమే మేలని ఎఫ్‌ఏకు చివరికి అర్థమైంది. 1960లో ఆదివారం ఫుట్‌బాల్‌కు గుర్తింపు ఇచ్చింది. 1964–65లో ఎఫ్‌ఏ సండే కప్ మొదలైంది. మొదటి ఏడాది కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ప్రాతినిధ్య జట్లు ఆడాయి, లండన్ జట్టు గెలిచింది. మరుసటి ఏడాది నుంచి క్లబ్బులు దిగాయి.

వృత్తి ఫుట్‌బాల్ ఆదివారం గడప దాటడానికి మాత్రం ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది. 1974 జనవరిలో బ్రిటన్‌లో కరెంటు సంక్షోభం, వారానికి మూడు రోజుల పని. ఆ పరిస్థితుల్లో జనవరి 6న ఎఫ్‌ఏ కప్ మ్యాచ్‌లు తొలిసారి ఆదివారం జరిగాయి. 1780 చట్టం ఇంకా బతికే ఉంది కాబట్టి గేటు దగ్గర టికెట్ అమ్మకూడదు. క్లబ్బులు టికెట్ ధరకే ఆట కార్యక్రమ పత్రం అమ్మి, అది చేతిలో ఉన్నవాళ్లను లోపలికి పంపాయి. పెద్ద క్లబ్బులకు ఆ రోజు కొత్త. పార్కు జట్లకు అది ఎప్పటినుంచో అలవాటైన ఆదివారం.

బాంబు శిథిలాల మీద గ్రౌండ్లు

రెండో అవసరం గ్రౌండ్. దీనికి హాక్నీ మార్షెస్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. లీ నది పక్కన వరదలకు మునిగే పల్లపు నేల అది. 1890ల మొదట్లో లండన్ కౌంటీ కౌన్సిల్ దాన్ని కొని ప్రజలకు తెరిచింది. యుద్ధంలో జర్మన్ బాంబులకు కూలిన ఇళ్ల శిథిలాలను తెచ్చి అక్కడ పోసి నేల ఎత్తు పెంచారు. కూలిన వీధుల ఇటుకలే ఆ వీధుల కుర్రాళ్లు ఆడుకునే నేలకు పునాది అయ్యాయి. ఒక దశలో అక్కడ వందకు పైగా పిచ్‌లు, అంటే ఫుట్‌బాల్ ఆడే గ్రౌండ్లు, పక్కపక్కనే ఉండేవి. హాక్నీ అండ్ లేటన్ లీగ్ యుద్ధం ముగిసిన కొత్తలోనే ఇక్కడ మొదలైంది, అంటే ఎఫ్‌ఏ గుర్తింపు కన్నా పదేళ్లకు పైగా ముందు. ఒక పిచ్ మీద తన్నిన బంతి పక్క పిచ్ గోల్ ముందు పడటం, అక్కడివాళ్లు ఆట ఆపి తిరిగి తన్నిపెట్టడం ఇక్కడ మామూలే. చిన్నప్పుడు డేవిడ్ బెక్‌హమ్ కూడా రిడ్జ్‌వే రోవర్స్ అనే జట్టు తరఫున ఇక్కడే ఆడాడు.

ఇలాంటి నేల ఎవరిదో ఒకరిది కాకపోవడమే దాని బలమూ బలహీనతా. కౌన్సిల్ సొంతం కాబట్టి అద్దె తక్కువ. కౌన్సిల్ సొంతం కాబట్టే వేరే అవసరం వస్తే చేజారుతుంది కూడా. 2012 ఒలింపిక్స్ సమయంలో మార్షెస్‌లోని తూర్పు భాగాన్ని బస్సుల పార్కింగ్‌కు తీసుకున్నారు.

పన్నెండుకు పబ్ తెరిచేవారు

ఆదివారం లీగ్ మ్యాచ్ మామూలుగా పొద్దున పదిన్నరకు మొదలవుతుంది. ఆ వేళ వెనక ఒక లెక్క ఉంది. చాలా ఏళ్లపాటు ఇంగ్లండ్‌లో ఆదివారం పబ్బులు మధ్యాహ్నం పన్నెండుకు తెరిచి రెండుకు మూసేవారు. పదిన్నరకు మొదలైన ఆట పన్నెండుంపావుకు అయిపోతుంది. స్నానమో, మొహం కడుక్కోవడమో అయ్యాక పబ్‌లో గంటన్నర, ఆ తర్వాత ఇంట్లో ఆదివారం భోజనం.

పబ్ ఈ క్లబ్బులకు తాగే చోటు మాత్రమే కాదు. జెర్సీలకు డబ్బిచ్చేది పబ్ యజమాని, జట్టు పేరు చాలాసార్లు పబ్ పేరే. కమిటీ మీటింగ్ అక్కడే, గెలిచిన కప్పు బార్ వెనక అరలో. ఓడిన జట్టుకు కూడా సాండ్‌విచ్‌లు పెట్టడం ఆనవాయితీ. పబ్ కాకపోతే ఫ్యాక్టరీ, చర్చి, వలస కుటుంబాల సంఘం, పాత స్కూల్ స్నేహితుల గుంపు. 1966లో సండే కప్ ఫైనల్ ఆడిన జట్లలో ఒకదాని పేరు ఆల్డ్రిడ్జ్ ఫ్యాబ్రికేషన్స్. వర్క్‌షాప్ వాసన ఆ పేరులోనే తెలుస్తుంది.

క్లబ్ అంటే సెక్రటరీ

నాలుగో అవసరమే అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా తక్కువగా రాసింది కూడా దాని గురించే. ఆదివారం క్లబ్‌కు ఆఫీసు ఉండదు, ఉద్యోగులు ఉండరు. ఉండేది సెక్రటరీ ఒక్కరే. వేసవిలోనే ఆయన పని మొదలవుతుంది. ఎఫ్‌ఏ స్థానిక శాఖ అయిన కౌంటీ ఎఫ్‌ఏ దగ్గర క్లబ్ నమోదు, బీమా, లీగ్ ప్రవేశ రుసుము, ఆటగాళ్ల రిజిస్ట్రేషన్, కౌన్సిల్ దగ్గర పిచ్ బుకింగ్. సీజన్ మొదలయ్యాక వారంవారం ప్రత్యర్థి సెక్రటరీకి, రిఫరీకి కబురు పెట్టాలి, జెర్సీ రంగులు కలవకుండా చూసుకోవాలి. మ్యాచ్ అయ్యాక రిఫరీ ఫీజు ఇవ్వాలి, స్కోరు లీగ్‌కు పంపాలి, బురద పట్టిన పదిహేను జెర్సీలు ఇంటికి తీసుకెళ్లి ఉతికించాలి. ఆ ఉతికే పని ఏళ్ల తరబడి చేసింది ఎక్కువగా సెక్రటరీ భార్యో, తల్లో. క్లబ్ ఫొటోల్లో వాళ్లు కనిపించరు.

డబ్బు లెక్క కూడా ఇంతే చిన్నది, ఇంతే కష్టం. ప్రతి ఆటగాడూ మ్యాచ్‌కు ఇంత అని చందా ఇస్తాడు. పిచ్ అద్దె, రిఫరీ, బంతులు అన్నీ అందులోంచే. ఎవరికైనా ఎల్లో కార్డు పడితే ఆ జరిమానా ముందు క్లబ్ ఖాతాకు వస్తుంది, ఆటగాడి దగ్గర వసూలు చేసుకోవడం సెక్రటరీ తిప్పలు. శనివారం రాత్రి పదకొండుకు "రేపు రాలేను" అని మెసేజ్ వస్తే ఆయన టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. ఆఖరికి బూట్లు వదిలేసి పదేళ్లయిన తానే జెర్సీ వేసుకుని ఏడోవాడిగా నిలబడిన సెక్రటరీలు ప్రతి లీగ్‌లోనూ ఉంటారు.

అందుకే ఆదివారం క్లబ్ ఆయుష్షు సాధారణంగా ఒక మనిషి ఓపికతో ముడిపడి ఉంటుంది. జట్టు ఓడిపోయి మూతపడటం అరుదు. సెక్రటరీ వేరే ఊరికి మారితే, పిల్లలు పుడితే, మోకాలు దెబ్బతింటే, ఆ పని అందుకునేవాళ్లు లేకపోతే, అప్పుడు మూతపడుతుంది.

పై మెట్టు లేని నిచ్చెన

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ప్రమోషన్ (పై లీగ్‌కు ఎక్కడం), రెలిగేషన్ (కింది లీగ్‌కు దిగడం) నిచ్చెన చాలా పొడుగైనది. సిద్ధాంతంగా ఊరి జట్టు కూడా ఒక్కో మెట్టూ ఎక్కి ప్రీమియర్ లీగ్‌కు చేరవచ్చు. కానీ ఆ నిచ్చెన శనివారం ఫుట్‌బాల్‌ది. ఆదివారం లీగ్‌లు దాని బయట ఉంటాయి. ఎంత గెలిచినా తమ లీగ్‌లో టాప్ డివిజన్, ఆపైన సండే కప్, అంతే. పైకి ఎదగాలనుకునే క్లబ్ ఏదో ఒక రోజు శనివారానికి మారక తప్పదు.

ఆటగాళ్లకు ఈ గోడ అంత గట్టిది కాదు. శనివారం ఒక క్లబ్‌కూ ఆదివారం ఇంకో క్లబ్‌కూ ఆడేవాళ్లు చాలామంది. ఇయాన్ రైట్ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. పెద్ద క్లబ్బుల ట్రయల్స్‌లో వెనక్కి పంపేశాక కూలి పనులు చేసుకుంటూ, దక్షిణ లండన్‌లో టెన్-ఎమ్-బీ అనే ఆదివారం జట్టుకు ఆడేవాడు. 1985లో, ఇరవై రెండేళ్లు నిండబోతుండగా, క్రిస్టల్ ప్యాలెస్ తీసుకుంది. తర్వాత ఆర్సెనల్ తరఫున 185 గోల్స్ కొట్టాడు. 2005లో థియెరీ ఆన్రీ దాటేదాకా ఆ క్లబ్‌కు అదే రికార్డు. పెద్ద క్లబ్బులు పిల్లలకు శిక్షణ ఇచ్చే అకాడమీ వ్యవస్థ వదిలేసిన వాళ్లకు ఆదివారం ఆట రెండో తలుపుగా ఉండేది. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులోనే పిల్లల్ని ఏరుకుంటున్నారు కాబట్టి ఆ తలుపు చాలా ఇరుకైంది.

సెలవు, గ్రౌండ్, పబ్: మూడూ ఒకేసారి

వయోజనుల పదకొండు మంది ఫుట్‌బాల్ తగ్గిపోతోందని ఇంగ్లండ్‌లో ఎప్పటినుంచో చర్చ నడుస్తోంది. కుర్రాళ్లు వీడియో గేమ్‌లకు అలవాటుపడ్డారన్నది తేలిగ్గా వినిపించే కారణం. పై నాలుగు అవసరాలనూ ఒక్కొక్కటిగా చూస్తే అంతకన్నా లోతైన కారణాలు కనిపిస్తాయి.

మొదట సెలవు. 1994 నాటి ఆదివారం వ్యాపార చట్టంతో ఇంగ్లండ్, వేల్స్‌లో పెద్ద దుకాణాలు కూడా ఆదివారం ఆరు గంటలపాటు తెరవడం మొదలైంది. ఒకప్పుడు శనివారం ఆడలేక ఆదివారానికి వచ్చిన దుకాణం ఉద్యోగికి ఆదివారం కూడా డ్యూటీ పడింది. షిఫ్టులు వారంవారం మారే ఉద్యోగాలు పెరిగాక ఒకే పదకొండు మందికి ఒకే పూట ఖాళీ దొరకడం కష్టమైంది. 1992 ఆగస్టు నుంచి స్కై టీవీ ఆదివారం ప్రీమియర్ లీగ్ లైవ్ ఇవ్వడం మొదలుపెట్టింది. అది సాయంత్రం ఆట కాబట్టి పొద్దుటి మ్యాచ్‌కు నేరుగా అడ్డు కాదు. కానీ కుటుంబానికి మిగిలే ఆదివారం ఇంకొంచెం తరిగింది.

తర్వాత గ్రౌండ్. 2010 తర్వాత కేంద్ర ప్రభుత్వం నుంచి నిధులు తగ్గడంతో కౌన్సిళ్లు పార్కుల ఖర్చు కోసుకున్నాయి. గడ్డి కోసేవాళ్లు తగ్గారు, బట్టలు మార్చుకునే గదులు పాడుబడ్డాయి, అద్దెలు పెరిగాయి. దానికి వాన తోడైంది. 1766 నుంచి ఉన్న రికార్డుల్లో ఇంగ్లండ్, వేల్స్‌లకు అత్యంత వాన పడిన శీతాకాలం 2013–14. నీళ్లు నిలిచిన పిచ్ మీద ఆట వారాల తరబడి రద్దయితే, మొదట అలవాటు తప్పుతుంది, తర్వాత మనిషే రావడం మానేస్తాడు. 2014లో అప్పటి ఎఫ్‌ఏ చైర్మన్ గ్రెగ్ డైక్ నగరాల్లో కృత్రిమ గడ్డి పిచ్‌ల కోసం 23 కోట్ల పౌండ్ల ప్రణాళిక ప్రకటించారు. 2018లో ఇంకో పెద్ద ప్రతిపాదన వచ్చింది: ఎఫ్‌ఏ సొంతమైన వెంబ్లీ స్టేడియాన్ని 60 కోట్ల పౌండ్లకు ఫుల్‌హామ్ క్లబ్ యజమాని షాహిద్ ఖాన్‌కు అమ్మి ఆ డబ్బు కింది స్థాయి గ్రౌండ్లకు పెట్టడం. ఎఫ్‌ఏలోనే అభిప్రాయాలు చీలడంతో అక్టోబరులో ఖాన్ వెనక్కి తగ్గారు. వెంబ్లీ మిగిలింది, పార్కు పిచ్‌ల కొరత కూడా మిగిలింది.

మూడోది పబ్. పబ్బుల సంఖ్యే తగ్గుతోంది. యజమానికి తనకే గిట్టుబాటు కానప్పుడు జెర్సీలకు డబ్బు ఎక్కణ్నుంచి తెస్తాడు? స్పాన్సర్ పోయాక చందా పెరిగింది, చందా పెరిగాక కొందరు మానేశారు, మానేసినవాళ్ల వాటా మిగిలినవాళ్ల మీద పడింది. చిన్న క్లబ్బును కూల్చేది సాధారణంగా ఈ గొలుసే. మధ్యలో కోవిడ్ వచ్చి 2019–20 సీజన్ సగంలోనే ఆగిపోయింది.

రిఫరీల కథ విడిగా చెప్పాలి. పార్కులో రిఫరీ ఒంటరి. పక్కన లైన్స్‌మన్‌గా జెండా పట్టుకునేది ఆ జట్ల సబ్‌స్టిట్యూట్ ఆటగాడే. తిట్లు, కొన్నిసార్లు దెబ్బలు కూడా భరించలేక రిఫరీలు మానేస్తుంటే మ్యాచ్‌లు నడిపేవాళ్లే కరువయ్యారు. 2019–20 నుంచి రిఫరీతో గొడవపడిన ఆటగాణ్ని పది నిమిషాలు బయట కూర్చోబెట్టే సిన్ బిన్ పద్ధతి కింది స్థాయి లీగ్‌లన్నిటిలో పెట్టారు. 2023లో కొన్ని ప్రాంతాల్లో రిఫరీల ఛాతీ మీద బాడీ కెమెరాలు పెట్టి పరీక్షించారు. పార్కులో ఆడే ఆటకు కెమెరా కాపలా అవసరమవడం బాధ కలిగించే విషయమే. కానీ పదహారేళ్ల కుర్రాడు విజిల్ పట్టుకుని ధైర్యంగా మైదానంలోకి దిగాలంటే అది కావాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో వేరే దారి

తెలుగు పాఠకులకు దగ్గరి పోలిక హైదరాబాద్ ఫుట్‌బాల్. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్న టీచర్ ఎస్.ఏ. రహీమ్ శిక్షణలో ఎదిగిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. రహీమ్ కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది.

ఆ ఆటగాళ్లు కూడా అమెచ్యూర్లే. కానీ ఇక్కడ జట్టును మోసింది పబ్ కాదు, ఉద్యోగం. పోలీసు శాఖ, రైల్వేలు, బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు ఆటగాడికి జీతం ఇచ్చి ఆడించాయి. ఆ పద్ధతిలో ప్రతిభకు భద్రత దొరికింది. ఇంగ్లండ్ ఆదివారం క్లబ్ ఎవరికీ ఆ భద్రత ఇవ్వలేకపోయింది. అయితే సంస్థ నియామకాలు తగ్గించాక జట్టు నిలబడలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ వెనకబడటానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది. చందాలతో నడిచే సాధారణ ఆటగాళ్ల లీగ్ కింద గట్టిగా ఉండి ఉంటే, పైనున్నది కుంగినా ఆట వీధిలో మిగిలి ఉండేది. మన ఊళ్లలో ఆ పాత్రను ఆదివారం టెన్నిస్ బంతి క్రికెట్ పోషించింది. అదీ ఇప్పుడు స్కూల్ గ్రౌండ్ నుంచి గంటకు అద్దె కట్టే టర్ఫ్‌కు మారుతోంది.

ఇంగ్లండ్‌లోనూ సరిగ్గా ఈ మార్పే జరిగింది. చుట్టూ కంచె వేసిన చిన్న గ్రౌండ్‌లో ఐదుగురితో ఆడే బోను ఫుట్‌బాల్‌కు నమోదు అక్కర్లేదు, జెర్సీలు ఉతకక్కర్లేదు, వాన అడ్డం రాదు. ఫోన్‌లో స్లాట్ బుక్ చేస్తే చాలు. అంటే సెక్రటరీ చేసే పనిని కంపెనీ చేస్తుంది, దానికి డబ్బు తీసుకుంటుంది. ఆట మిగులుతుంది, క్లబ్ మిగలదు.

మిగిలేవి ఏవి, వాటి చరిత్ర ఎక్కడ

ఆదివారం ఫుట్‌బాల్ పూర్తిగా పోయే సూచనలు లేవు. దాని రూపం మారుతోంది. ముప్పై ఐదు దాటినవాళ్ల వెటరన్స్ లీగ్‌లు చాలాచోట్ల బలంగా ఉన్నాయి. 2011లో చెస్టర్‌ఫీల్డ్‌లో మొదలైన వాకింగ్ ఫుట్‌బాల్‌లో పరుగెత్తకూడదు, నడుస్తూనే ఆడాలి. 1970లలో పార్కుల్లో ఆడినవాళ్లు ఇప్పుడు అందులో ఉన్నారు. ఇంకోవైపు కొన్ని జట్లు తమ మ్యాచ్‌లు వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టి అభిమానుల్ని సంపాదించుకున్నాయి. ఆగ్నేయ లండన్‌లో ఆదివారం జట్టుగా పేరు తెచ్చుకున్న ఎస్‌ఈ డాన్స్ అలాంటిదే. 2016లో యూట్యూబ్ జట్టుగానే పుట్టిన హ్యాష్‌ట్యాగ్ యునైటెడ్ 2018లో శనివారం నిచ్చెన ఎక్కింది. పబ్ ఇచ్చిన జెర్సీ డబ్బు స్థానంలో ప్రకటనల డబ్బు వచ్చింది. కానీ అది దక్కేది వేలల్లో కొద్ది జట్లకే.

మూతపడ్డ క్లబ్బుల చరిత్ర రాయబోతే ఇంకో చిక్కు ఎదురవుతుంది. స్పాన్సర్ మారినప్పుడల్లా పేరు మారుతుంది. ఒక జట్టు గొడవపడి రెండైతే, రెండూ తామే అసలు క్లబ్ అంటాయి. స్థానిక పత్రికలు సోమవారమో, వారాంతంలోనో వేసిన చిన్న అక్షరాల స్కోర్లు ఒక ఆధారం. లీగ్ హ్యాండ్‌బుక్కులు ఇంకొకటి. మిగతాదంతా సెక్రటరీ ఇంట్లో ఉంటుంది: ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎవరు గోల్ కొట్టారు, ఎవరు ఎంత చందా బాకీ ఉన్నారు అని ఏళ్ల తరబడి రాసిన గీతల పుస్తకం. బురద మరకల మధ్య, కొన్ని పేజీల్లో ఆ రోజు వచ్చినవాళ్ల పేర్లు ఏడే ఉంటాయి.